తుఫాను పిల్లోడికి మాట ఎప్పుడొచ్చింది?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లోనే, కాట్రేనికోనలో, వెనకవైపు వరండాలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యమధ్యలో ధబ్ ధబ్ మని చప్పుడొస్తుంది, కంగారు పడకండి. ఇవాళ మా పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. ఎడిటింగ్‌లో తీసేద్దామని చూశాను, అవ్వలేదు.

మామూలుగా మనం రాజుల గురించి, కాలవల గురించి, ఆనకట్టల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి చంటిపిల్లల చరిత్ర. అంటే ఏడాది, ఏడాదిన్నర లోపు పిల్లల బుర్రలో ఏం జరుగుతోందని మనుషులు ఎప్పుడు ఏమనుకున్నారు, ఎక్కడ పొరపడ్డారు, ఎవరు సరిచేశారు అన్నది. దీనికి పాత్ర దొరక్క నన్నే పెట్టుకున్నాను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

నేను 1996 మే నెలలో పుట్టాను. అదే సంవత్సరం నవంబరు 6న కోనసీమ తుఫాను. రాత్రి పూట మా తీరం మీదే దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. మా మండలంలోనే ఉన్న బలుసుతిప్ప, అవతల ఐ.పోలవరం వైపు భైరవపాలెం, ఈ మత్స్యకారుల ఊళ్ళ నుంచి వేటకెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు చాలామంది. కొబ్బరి చెట్లయితే లక్షల్లో పడిపోయాయి. మా ఇంటి పెంకులు ఒక్కోటీ లేచిపోతుంటే, మా అమ్మ నన్ను ఒళ్ళో చుట్టుకుని పక్కింటి డాబాలోకి పరిగెత్తిందట. ఆ ఒక్క గదిలో నలభై మంది. నాకప్పుడు ఆరో నెల. అన్నప్రాసనకి ముహూర్తం పెట్టుకున్న వారం అది. ఆ అన్నప్రాసన ఇక జరగలేదు.

ఇక్కణ్ణుంచి మా ఇంటి పురాణం మొదలవుతుంది. "గాలివానకి పిల్లోడు దడుసుకున్నాడండి, అందుకే మూడేళ్ళ దాకా మాట రాలేదు." ఈ మాట నేను కొన్ని వందల సార్లు విన్నాను. పెళ్ళిళ్ళల్లో, కోటిపల్లి తీర్థంలో, ఆఖరికి నాకు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిన రోజు కూడా. "మూడేళ్ళ దాకా మాట్లాడనోడు ఇవాళ ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడాడు, ఆయ్!" అని మా మామ్మ వీధంతా చెప్పుకొచ్చింది. నాకూ బాగానే ఉండేది. ఊళ్ళో నా పేరే తుఫాను పిల్లోడు. ఉద్యోగం మానేసి ఛానెల్ పెట్టినప్పుడు మొదట అనుకున్న పేరు కూడా అదే, ఎవరో ముందే తీసేసుకున్నారు.

సరే, ఇది సరదా కథలాగానే ఉండిపోయేది. కానీ పోయినేడాది ఈ కథ వల్ల మా ఇంట్లో ఒక నష్టం జరిగింది.

మా అక్క కూతురు 2023 ఫిబ్రవరిలో పుట్టింది. నవ్వుతుంది, పాకుతుంది, మనిషిని చూస్తే చేతులు చాపుతుంది. ఏడాది నిండేసరికి మాత్రం మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరగదు. అక్కకి లోపల ఏదో అనుమానం. వీడియో కాల్‌లో నన్నడిగింది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "నాకూ మూడేళ్ళకే కదే వచ్చింది, ఏమైంది నాకు? వదిలెయ్, అదే వస్తుంది" అన్నాను. అమ్మా అదే అంది, మామ్మా అదే అంది. అక్క వాళ్ళ అత్తగారు మాత్రం, ఆవిడ పెద్దగా చదువుకోలేదు, "ఓసారి చెవి చూపించండే" అన్నారు. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. పాపకి పంతొమ్మిదో నెల నడుస్తుండగా పరీక్ష చేయించారు. రెండు చెవుల్లోనూ వినికిడి లోపం, అదీ తీవ్రంగా.

కాన్పు జరిగిన ఆసుపత్రిలో పుట్టగానే చేయాల్సిన చెవి పరీక్ష చెయ్యలేదు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, దాని గురించి ఇంతకంటే మాట్లాడను. నాకు కావాల్సింది మా ఇంటి తప్పు. మేం ఏడు నెలలు ఒక కథని నమ్ముకుని కూర్చున్నాం. అందుకని ఆ కథనే ఒక చారిత్రక ఆధారాన్ని చూసినట్టు చూద్దామని కూర్చున్నాను. తుఫానుకి ఆరు నెలల పిల్లాడి మాట పోతుందా? అసలు నాకు మూడేళ్ళ దాకా మాట రాలేదా?

ముందు పెద్దవాళ్ళ సంగతి చూద్దాం, పెద్దవాళ్ళంటే శాస్త్రవేత్తలు. పసిపిల్లల్ని రోజూ గమనించి రాసిపెట్టుకున్నవాళ్ళలో మనకి బాగా తెలిసిన పేరు చార్లెస్ డార్విన్. ఆయన పెద్ద కొడుకు విలియం 1839 డిసెంబరులో పుట్టాడు. ఎప్పుడు కోపం వచ్చింది, ఎప్పుడు భయపడ్డాడు, అద్దంలో తన బొమ్మ చూసుకుని ఏం చేశాడు, అన్నీ నోట్స్ రాసుకున్నాడు. ఆ నోట్స్‌ని వ్యాసంగా అచ్చు వేసింది మాత్రం 1877లో. అప్పటికి ఆ పిల్లాడికి ముప్పై ఏడేళ్ళు! ఇంతకీ అందులో గొప్పతనం ఏంటంటే, ఆయన గుర్తున్నది రాయలేదు, చూసిన రోజున రాసుకున్నదాన్ని పెట్టాడు. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అందరూ డార్విన్ అంత ఓపికగా చూళ్ళేదు. 1928లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ఎత్తుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, పొద్దున్నే లేచాక షేక్‌హ్యాండ్ ఇవ్వండి చాలు అని అందులో సలహా! ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది కూడా. మా మామ్మకి ఇది చదివి వినిపిస్తే, "పాపం, ఆయన్ని ఎవరూ ఎత్తుకోలేదేమో" అంది.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. అప్పుడే పుట్టిన పిల్లలకి నొప్పి పెద్దగా తెలీదని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. 1980ల దాకా, నెలలు నిండని పసికందులకి ఆపరేషన్ చేసేటప్పుడు కదలకుండా ఉండే మందిచ్చి, నొప్పి తెలియకుండా ఉండే మందు అతి తక్కువ ఇవ్వడమో, అసలు ఇవ్వకపోవడమో జరిగేది. దాన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు మన భారతీయ డాక్టరే, కన్వల్‌జీత్ ఆనంద్. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ, నొప్పి మందు సరిగ్గా ఇచ్చిన పసికందులు ఆపరేషన్ తర్వాత బాగా కోలుకుంటున్నారని 1987లో చూపించాడు. అంటే నేను పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందు. వినడానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మరి మనవాళ్ళు? మన దగ్గర ఈ విషయంలో పుస్తకాలు తక్కువ, పిండివంటలు ఎక్కువ. నేను జోక్ చెయ్యట్లేదు. బోర్లా పడితే బొబ్బట్లు. అడుగులకి అరిసెలు. పలుకులకి పంచదార చిలకలు. మా ఇంట్లో నవ్వితే నువ్వుండలు, గడప దాటితే గారెలు కూడా ఉన్నాయి. ఊరిని బట్టి, ఇంటిని బట్టి జాబితా కాస్త మారుతుంది. బ అంటే బ, అ అంటే అ, ప అంటే ప, అక్షరం కలిసేట్టు పెట్టారు, ఎవరూ మర్చిపోకుండా. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివాటిని మైల్‌స్టోన్ అంటాం, డాక్టర్లూ అదే మాట వాడతారు. డాక్టర్ దగ్గర గోడకి అంటించిన చార్ట్ ఏం చెబుతుందో, మన వంటింటి చార్ట్ కూడా దాదాపు అదే చెబుతుంది. మెడ నిలవడం, బోర్లా పడటం, కూర్చోవడం, అడుగు, పలుకు.

తేడా ఒకటుంది. వంటింటి చార్ట్‌లో వరస ఉంది, వయసు లేదు. అడుగు పడినప్పుడు అరిసెలు వండుతాం, బాగానే ఉంది. అడుగు పడకపోతే? ఎన్నో నెల దాకా ఆగాలి? ఆ చార్ట్ చెప్పదు. వచ్చినదాన్ని పండగ చేసుకోవడం తెలుసు, రానిదాన్ని గమనించడానికి అందులో గడి లేదు. యేల్ యూనివర్సిటీలో ఆర్నాల్డ్ గెసెల్ 1920లలో ఈ గడులు గీయడం మొదలుపెట్టాడు, ఏ నెలకి ఎంతమంది పిల్లలు ఏం చేస్తున్నారని. కాకపోతే అవన్నీ అమెరికా పిల్లల లెక్కలు. మన దేశపు పిల్లల మీద పని బరోడాలో జరిగింది. ప్రమీలా ఫాటక్ గారు అక్కడి పిల్లల్ని నెలనెలా పరీక్షించి భారతీయ కొలతలు తయారు చేశారు. ఇప్పటికీ మన దగ్గర పిల్లల డాక్టర్లు, సైకాలజిస్టులు వాడే పరీక్షకి ఆధారం అదే. ఇవాళ అంగన్‌వాడీలో తల్లులకి ఇచ్చే కార్డులో కూడా బొమ్మలతో ఈ నెలల లెక్క ఉంటుంది. మా అక్క దగ్గరా ఆ కార్డుంది. టీకాల పేజీ నిండా నింపి ఉంది, బొమ్మల పేజీ ఖాళీ.

చెప్పడం మర్చిపోయాను, మనకో పరీక్ష కూడా ఉందండోయ్. అన్నప్రాసన రోజు పుస్తకం, కలం, బంగారం, కత్తి, డబ్బులు, పువ్వులు పెట్టి పిల్లాణ్ణి వదుల్తాం. ఏది పట్టుకుంటే అదే భవిష్యత్తు. భవిష్యత్తు సంగతి పక్కన పెడితే, ఆ కాసేపట్లో ఎన్ని కనిపిస్తాయో చూడండి. మెరిసేదాన్ని కళ్ళతో పట్టుకుంటున్నాడా, చెయ్యి దానివైపు వెళ్తోందా, వెనక నుంచి అమ్మ పిలిస్తే తల తిప్పుతున్నాడా. పాతికమంది పెద్దవాళ్ళు ఒకే పిల్లని కన్నార్పకుండా చూసే సందర్భం ఆ సంవత్సరంలో మళ్ళీ రాదు. మా మేనకోడలి అన్నప్రాసన వీడియో మళ్ళీ వేసి చూశాను. మేళం ఒక్కసారిగా మొదలైంది. పక్కనున్న ఇంకో చంటోడు ఉలిక్కిపడి ఏడ్చాడు. మా పాప బంగారు గొలుసు పట్టుకుని నవ్వుతోంది. "చూశావా, ఎంత ధైర్యమో!" అని వీడియోలో ఒక గొంతు. ఆ గొంతు నాదే.

ఇప్పుడు తుఫాను సంగతి. ఆరు నెలల పిల్లకి ఏం గుర్తుంటుంది? దీని మీద ఒక ముచ్చటైన పరిశోధన ఉంది. అమెరికాలో కరొలిన్ రొవీ-కొల్లియర్ అనే ఆవిడ, ఉయ్యాల మీద వేలాడే బొమ్మలకి ఒక రిబ్బన్ కట్టి, దాని రెండో కొస పిల్ల కాలికి కట్టేవారు. మన ఉయ్యాల చిలకలే అనుకోండి. పిల్ల కాలు తన్నితే చిలకలు ఊగుతాయి. ఆ కిటుకు పిల్లకి నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇక ఒకటే తన్నడం. కొన్ని రోజులాగి మళ్ళీ అదే ఉయ్యాల కిందకి తీసుకెళ్తే, గుర్తుంటే తన్నుతుంది, లేకపోతే ఊరికే చూస్తుంది. మూడు నెలల పిల్లలకి వారం దాకా, ఆరు నెలల పిల్లలకి రెండు వారాల దాకా గుర్తుంది. అంటే పసిపిల్లకి జ్ఞాపకమే ఉండదన్నది తప్పు. ఆ రాత్రి నాకు కొన్నాళ్ళు గుర్తుండే ఉంటుంది. కానీ అది మూడేళ్ళ పాటు నోరు కట్టేసిందంటే, దానికి వేరే ఆధారం కావాలి.

దీనికి దగ్గరగా వచ్చేది రెండో ప్రపంచ యుద్ధం నాటి లండన్. బాంబులు పడుతున్న రోజుల్లో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అని ఇద్దరు హాంప్‌స్టెడ్‌లో పిల్లల శిబిరాలు నడిపారు. 1943లో ఒక పుస్తకంగా తమ పరిశీలనలు వేశారు. వాళ్ళు గమనించింది ఇదీ. తల్లి దగ్గరే ఉన్న చిన్నపిల్లలు బాంబుల మోతకి మనం అనుకున్నంత దెబ్బతినలేదు. క్షేమం కోసమని తల్లి నుంచి విడదీసి పల్లెలకి పంపిన పిల్లలే ఎక్కువ దెబ్బతిన్నారు. చిన్నపిల్లకి ప్రమాదం కొలిచే మీటరు తల్లి ముఖం. ఆ ముఖం కనిపిస్తూ ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకోటి, 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌లో మంచు తుఫాను వచ్చి లక్షల మందికి రోజుల తరబడి కరెంటు పోయింది. అప్పుడు కడుపుతో ఉన్న తల్లుల్ని, తర్వాత వాళ్ళ పిల్లల్ని సుజాన్ కింగ్ బృందం ఏళ్ళ తరబడి గమనించింది. ఎక్కువ ఇబ్బంది పడ్డ తల్లుల పిల్లలకి రెండేళ్ళ వయసులో మాటలు కాస్త తక్కువగా ఉన్నాయి. అంటే తుఫానుకీ మాటకీ అసలు సంబంధమే లేదని కొట్టిపారేయలేం. అయితే అది కడుపులో ఉన్న పిల్లల లెక్క, నా లెక్క కాదు. మా స్కూల్లో నా కింది బ్యాచ్ వాళ్ళ లెక్క.

అమ్మని కూర్చోబెట్టి అడిగాను. తుఫాను తర్వాత నన్నెవరికైనా వదిలేశావా అని. "ఎక్కడ వదుల్తాన్రా? నాలుగు నెలలు అమ్మమ్మ గారింట్లో ఉన్నాం, నువ్వు నా చంక దిగితే కదా" అంది. మరి మూడేళ్ళ దాకా మాట రాలేదని ఎలా తెలుసు? "ఎలా తెలియడమేంట్రా, నాకు తెలీదా?" ఇక్కడ చరిత్ర చదివేవాళ్ళకి తెలిసిన చిక్కొచ్చింది. మౌఖిక సాక్ష్యం ఉంది, కాగితం లేదు.

కాగితం దొరికింది. మా తాతయ్య దింపు లెక్కల పుస్తకం. కొబ్బరి తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది, ఎన్ని కాయలు దిగాయి, దింపువాళ్ళకి ఎంత, వలుపుకి ఎంత, ఎవరికి అప్పు అని. తాతయ్య ఇంటి ఖర్చు కూడా అందులోనే రాసేవారు. 1996 నవంబరు పేజీలు ఖాళీ. దిగడానికి కాయలేవి, చెట్లే లేవు. ఆ తర్వాత మొక్కల ఖర్చు, పెంకుల ఖర్చు. 1997 జూన్‌లో ఒక లైను: "బాబు అడుగులు, అరిసెలకి బెల్లం." అంటే పదమూడో నెలలో నడిచాను. పేజీలు తిప్పుతూ వెళ్ళాను. 1998 జులైలో ఇంకో లైను: "బాబు మాటలు, చిలకలు."

1998 జులై అంటే నాకు రెండేళ్ళ రెండు నెలలు. మూడేళ్ళు కాదు! అదీ చిలకలు కొన్న తేదీ, మాట వచ్చింది దానికి ముందే అయ్యుంటుంది. మాట వచ్చిన రోజునే ఎవరూ మిఠాయి కొట్టుకి వెళ్ళరు, నాలుగు మాటలు గట్టిగా వచ్చాకే వెళ్తారు. రెండేళ్ళకి మాటలు తక్కువగా ఉండే పిల్లలు పదిమందిలో ఒకరైనా ఉంటారు, మగపిల్లలు ఇంకాస్త ఎక్కువ. వాళ్ళలో చాలామంది తర్వాత అందుకుంటారు. నేనూ అంతే. కాస్త ఆలస్యం, తుఫాను అక్కర్లేని ఆలస్యం. ఇరవయ్యారు నెలలు చెప్పగా చెప్పగా ముప్పయ్యారు అయింది. కథ బాగుండాలి కదా, ఆయ్. అమ్మకి ఆ లైను చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి దానికెందుకు అలా చెప్పానురా" అంది. అది మా అక్క గురించి.

ఇప్పుడు అసలు విషయం, వినికిడి. మా పాపకి మూడో నెలలో ఉంగాలు వచ్చాయి. మేమంతా దాన్నే పట్టుకుని కూర్చున్నాం. ఉంగా అంటోంది కదా, చెవుడెలా ఉంటుంది? ఇక్కడే చాలా కుటుంబాలు మోసపోతాయి. పుట్టుకతో వినపడని పిల్లలు కూడా మొదట్లో ఉంగా అంటారు. తేడా తెలిసేది తర్వాత, బాబాబా, దాదాదా అని హల్లు అచ్చు కలిపి గొలుసుగా పలికే దశలో. 1988లో ఓలర్, ఐలర్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పోల్చి చూశారు. వినపడే పిల్లలంతా పది నెలల్లోపే ఆ దశకి వచ్చేశారు. వినపడని పిల్లలకి అది పదకొండు నెలలు దాటాకే వచ్చింది, కొందరికి ఇంకా చాలా ఆలస్యంగా. అంటే పది నెలల పిల్ల బాబాబా, తాతాతా అనకపోతే, అరిసెలు, చిలకల సంగతి తర్వాత, ముందు చెవి చూపించాలి. మా వంటింటి చార్ట్‌లో పలుకులకి ముందు ఈ మెట్టు లేదు.

పదో నెల అంటే గుర్తొచ్చింది. ఈ మొత్తం సబ్జెక్టులో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు 1984లో వేశారు. మన ట, త తెలుసు కదా? మనకి అవి రెండు వేరే అక్షరాలు. ఇంగ్లీషువాళ్ళకి రెండూ ఒకటే, టాటాని తాతని విడదీసి వినలేరు. మా ఆఫీసులో అమెరికా మేనేజరు ఒకాయన నా ఇంటిపేరుని నాలుగేళ్ళు తప్పు పలికాడు, పాపం ఆయన తప్పు కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. వెర్కర్ వాళ్ళు హిందీ ట, త శబ్దాలు తీసుకుని ఇంగ్లీషు ఇళ్ళల్లోని పసిపిల్లలకి వినిపించారు. శబ్దం మారినప్పుడు పిల్ల తల తిప్పితే, అక్కడ ఒక బొమ్మ లైటు వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మన ట, త తేడాని చక్కగా పట్టేశారు! వాళ్ళ అమ్మానాన్నలకి వినపడని తేడా వాళ్ళకి వినపడింది. పది నుంచి పన్నెండు నెలలకి వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పోయింది. చెవి చెడి కాదు, ఇంట్లో ఆ తేడా అక్కర్లేదు కాబట్టి బుర్ర దాన్ని వదిలేసింది.

అంటే ఏడాది నిండకముందే, ఒక్క మాట కూడా రాకముందే, పిల్ల తన భాష ఏదో తేల్చుకుంటోంది. "ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు" అని మనం అంటాం చూడండి, అది అతిశయోక్తి అనుకునేవాణ్ణి. కాదు, లెక్క సరిగ్గానే ఉంది. ఆ ఉగ్గుపాల కాలంలో మా పాపకి మా శబ్దాలు చేరలేదు.

నెలల తేడాకి అంత విలువుందా అంటే, ఉంది. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 150 మంది వినికిడి లోపం ఉన్న పిల్లల్ని చూసి 1998లో రాసింది. ఆరు నెలల్లోపు కనిపెట్టి సాయం మొదలుపెట్టిన పిల్లల భాష, తర్వాత కనిపెట్టినవాళ్ళకంటే స్పష్టంగా ముందుంది. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పే ఒకటి, మూడు, ఆరు లెక్క దీన్నే చెబుతుంది. ఒకటో నెలలోపు చెవి పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు సాయం. మేము మొదలుపెట్టింది పంతొమ్మిదో నెలలో.

మన రాష్ట్రాల్లో పిల్లల ఎదుగుదల మీద పని జరగలేదని కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ గార్లు 1968లో ఒక ముఖ్యమైన పేపరు వేశారు. పసితనంలో క్వాషియార్కర్, అంటే మాంసకృత్తుల లోపంతో ఒళ్ళు ఉబ్బే జబ్బు, వచ్చి తగ్గిన పిల్లల్ని కొన్నేళ్ళ తర్వాత పరీక్షిస్తే, తెలివికి సంబంధించిన పరీక్షల్లో తోటి పిల్లలకంటే వెనకబడి ఉన్నారు. తిండి బుర్రకి కూడా వెళ్తుందని మన గడ్డ మీద తేలిన సందర్భం. ఆ తర్వాత 2002లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న రెండు వేల మంది పిల్లల్ని ఎంచుకుని వాళ్ళు పెద్దయ్యేదాకా చూస్తూ వచ్చింది. మా గోదావరికి అవతల, పశ్చిమ గోదావరిలోని ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను, ఇందులో పట్టదు.

2013లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు, ఎదుగుదలలో ఆలస్యం రెండూ పరీక్షించే జాబితాలో ఉన్నాయి. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, దానికి వయసు పరిమితి కూడా ఉంది. అందుకే నెలలు లెక్కపెట్టమంటున్నాను. పరీక్షకి భయపడక్కర్లేదు, సూదీ ఉండదు, కోతా ఉండదు. మొదటిది చెవిలో చిన్న మొన పెట్టి చూస్తారు, రెండోది బెరా అంటారు, పిల్ల నిద్రపోతుండగా తలకి పట్టీలు అంటించి చేస్తారు. మా పాప మొత్తం పరీక్షంతా నిద్రపోయింది. మా బావ బయట బెంచీ మీద కూర్చున్నాడు, కాగితం చేతికిచ్చాక కూడా లేవలేదు. లోపల డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న "మేనరికమా?" అని. అవును, మేనరికమే. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళల్లో పుట్టుకతో వచ్చే చెవుడు అవకాశం పెరుగుతుంది. దీని గురించి మా ఇంట్లో ఇంకా ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఈ సంవత్సరం మొదట్లో పాపకి ఆపరేషన్ అయింది. మెషీన్ మొదటిసారి ఆన్ చేసిన రోజు సినిమాల్లో చూపించినట్టు ఏమీ జరగలేదు. ఏడ్చింది, పీకి పడేసింది. వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపీ. అక్క ఇంట్లో రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది, బియ్యం కడుగుతూ, బట్టలు మడత పెడుతూ, ఏం చేస్తే అది పైకి చెబుతూ. రాత్రి మేడ మీదకి తీసుకెళ్ళి చందమామని చూపిస్తూ ముద్దలు పెడుతుంది. పెద్దవాళ్ళు ఎటు చూస్తే పిల్ల కూడా అటు చూస్తుందని స్కైఫ్, బ్రూనర్ అనే ఇద్దరు 1975లో రాశారు, ఇలా కలిసి చూడటం భాషకి ఒక పునాది. థెరపీ మేడమ్ కూడా అదే చెయ్యమన్నారు. అక్కేమో, "ఇది మనం ఎప్పుడూ చేసేదేగా" అంది. అవును, ఎప్పుడూ చేసేదే. ఇప్పుడు అందులో శబ్దం కూడా ఉంది.

పోయిన నెల కాట్రేనికోన వచ్చారు. పాపకి ఇప్పుడు నాలుగైదు మాటలున్నాయి. అందులో ఒకటి "టాట." అది మా నాన్నని తాత అని పిలవడమో, వెళ్తున్నవాళ్ళకి టాటా చెప్పడమో ఇంకా తేలలేదు. ట, త మీదే ఇప్పుడు థెరపీ నడుస్తోంది. ఈలోపు పాప ఎప్పుడు టాట అన్నా మా నాన్న అరుగు మీంచి లేచి వస్తున్నారు. మామ్మ అమలాపురం నుంచి పంచదార చిలకలు తెప్పించింది. తాతయ్య పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి, తేదీ నేనే రాశాను.